విదేశంలో దిగగానే ఎయిర్‌పోర్టులోనే డబ్బు మార్చుకోవచ్చా?

మార్చుకోండి, కానీ టాక్సీకో రైలుకో సరిపడా మాత్రమే. ట్యునీషియా దినార్ లాంటివి ఆ దేశంలోకి తీసుకెళ్లడమే నిషేధం కాబట్టి దిగాకే మార్చుకోవాలి. అలాంటి చోట కూడా మొత్తం కట్ట ఆ కౌంటర్లో పెట్టొద్దు.

'కమిషన్ లేదు' అన్న బోర్డు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల లాభమంతా కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య తేడాలో ఉంటుంది. బోర్డు మీద కమిషన్ గురించి పెద్ద అక్షరాలు, రేటు గురించి చిన్న అక్షరాలు. ఇది మోసమనే నేనంటాను.

ఒకసారి అర్ధరాత్రి దిగాను. లగేజీ బెల్టు పక్కన కౌంటర్ దగ్గర నా ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. కొడుకు దగ్గరికి వచ్చారట. ఆయన లోపలి జేబులోంచి డాలర్ల కట్ట తీసి మొత్తం అద్దం కిందకి తోశారు. తెలుగులో మాట్లాడుకుంటున్నారని ధైర్యం చేసి, "అంకుల్, ఒక్క నిమిషం. అన్నీ పోను చేతికి ఎంత వస్తుందో ముందు అడగండి" అన్నాను. లోపలి మనిషి విసుక్కుంటూనే కాలిక్యులేటర్ నొక్కి మా వైపు తిప్పాడు. నా ఫోన్లో కనిపించే రేటు ప్రకారం రావలసిన దాంట్లో దాదాపు పదో వంతు ఎగిరిపోయింది! ఆయనింకా లెక్క చూసుకుంటుండగానే ఆంటీ, "కట్ట లోపల పెట్టండి" అనేశారు. ఒక్క నోటు మార్చుకున్నారు.

మిగతాది ఏటీఎంలో తీద్దామన్నారు. అక్కడ ఇంకో ఉచ్చు. 'మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా' అని స్క్రీన్ అడుగుతుంది. ఒప్పుకుంటే ఆ మెషీన్ వాళ్లు చెప్పిన రేటే మనకు పడుతుంది. వద్దని నొక్కితే వీసా, మాస్టర్‌కార్డ్ రేటు వర్తిస్తుంది, చాలాసార్లు అదే నయం. వద్దన్నా డబ్బు వస్తుంది, ఆ ప్రశ్న చూసి టెన్షన్ పడక్కర్లేదు. మెషీన్ ఛార్జీ, మన బ్యాంకు ఛార్జీ విడిగా ఉంటాయి కాబట్టి కొంచెం కొంచెంగా కాకుండా ఒకేసారి తీయడం మేలు.

కార్డు అంతర్జాతీయ వాడకానికి ఆన్ చేయడం మాత్రం బయల్దేరే ముందే చూసుకోండి. దిగాక చేద్దామంటే ఓటీపీ రావాలి, రోమింగ్ లేకపోతే మన సిమ్‌కి అక్కడ సిగ్నల్ ఉండదు. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో వైఫైకి కూడా ఓటీపీయే అడుగుతారు! ప్రయాణికుల గురించి ఆలోచించేవాళ్లు ఎవరైనా ఇలా పెడతారా?

కౌంటర్లో చిన్న నోట్లు అడిగి తీసుకోండి, టాక్సీవాళ్ల దగ్గర చిల్లర ఉండదు. రసీదు పారేయకండి, మిగిలిన డబ్బు తిరిగి మార్చుకోవడానికి కొన్ని దేశాల్లో అది చూపించమంటారు. నాణేలు చాలా కౌంటర్లలో వెనక్కి తీసుకోరు, ముందే ఖర్చు పెట్టేయండి.