మొహం చూడని మనిషి కోసం బెంగపడటం పిచ్చా?

ప్రశ్న: నా వయసు 52. మాది గుంటూరు, బ్రాడీపేట. మావారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సీజన్‌లో పొద్దున్నే వెళ్తే రాత్రికి గానీ రారు. అమ్మాయి పెళ్లయి పుణెలో, అబ్బాయి ఉద్యోగంతో బెంగళూరులో ఉన్నారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. కాలక్షేపానికని గుడ్డముక్కలు కలిపి క్విల్టులు కుట్టేవాళ్ల గ్రూపులో ఫోన్ ద్వారా చేరాను. చెన్నైలో ఒక తెలుగావిడ, నాసిక్‌లో ఒకావిడ, అమెరికాలోని ఒహాయోలో ఒక పెద్దావిడ బాగా దగ్గరయ్యారు. సొంత చెల్లెలితో చెప్పుకోనివి కూడా వాళ్లతో చెప్పుకున్నాను. నెల రోజులుగా ఒహాయో ఆవిడ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకు అన్నం సయించడం లేదు. మావారేమో "మొహమైనా చూడని మనిషి కోసం ఏడుస్తారా ఎవరైనా?" అని నవ్వారు. వాళ్ల పనితనం చూశాక నా కుట్లు నాకే వెక్కిరింతగా కనిపించి మిషను మూత తీయడం మానేశాను. రాత్రి 12 దాకా వాళ్ల ఫొటోలు చూస్తూ కూర్చుంటాను. పైగా ట్రంకుపెట్టెలో ఉన్న మా అత్తగారి పాత చీర ఒకటి ముక్కలు చేశానని ఇంట్లో పెద్ద గొడవ. "మనకేం ఖర్మ, బొంతలు కుట్టుకోవడానికి?" అంటారావిడ. నాదంతా పిచ్చేనా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: పిచ్చి ఏమీ కాదమ్మా. రోజూ పలకరించే మనిషి ఒక్కసారిగా మాయమైతే ఎవరికైనా మనసు మనసులో ఉండదు. ఆవిడ పక్క వీధిలో ఉందా, ఒహాయోలో ఉందా అన్నది మనసు లెక్క వేసుకోదు. మీవారు నవ్వారంటే, ఆయనకి అది "ఫోన్‌లో ఏదో గ్రూపు"గానే తెలుసు. ఆవిడ సంగతి ఆయనకి చెప్పారా ఎప్పుడైనా? ఎంతమంది మనవలు, ఏం కుడుతుంది, మీకు ఏం నేర్పింది? చెప్పి ఉండరనే నా అనుమానం. యార్డు నుంచి అలసిపోయి వచ్చే మనిషికి మన లోకం మనం చూపిస్తే తప్ప కనిపించదు. చెన్నై ఆవిడకి ఒకసారి వీడియో కాల్ చేసి ఆయనతో కూడా రెండు ముక్కలు మాట్లాడించండి. తెలుగావిడే కాబట్టి మొహమాటం ఉండదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇదంతా కాదు. మిషను మూత తీయడం మానేశానని మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు చూడండి, నాకు అసలు సమస్య అక్కడే కనిపించింది.

మీకు ఈ స్నేహాలు దొరికింది కుట్టు వల్ల. వెనకటి రోజుల్లో ఆడవాళ్లు అరుగుల మీద చేరి విస్తళ్లు కుడుతూనో, ఒత్తులు చేస్తూనో కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. అమెరికాలోనూ అంతే. చెక్కచట్రానికి క్విల్టు బిగించి, చుట్టూ పది మంది కూర్చుని కుట్టుకునే కూడికలు అక్కడ పాత ఆనవాయితీ. చేతులు పనిలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది, ఆగినప్పుడు ఇబ్బందిగానూ ఉండదు. మీరు కుట్టడం మానేసేసరికి ఆ స్నేహంలో మిగిలింది మెసేజ్ కోసం ఎదురుచూడటం ఒక్కటే. ఆవిడ మెసేజ్ చూసిందా, చూసి కూడా పలకలేదా అని గంటకోసారి ఫోన్ తీస్తుంటే టెన్షన్ పెరగక ఏమవుతుంది? మీరు మీ పనిలో ఉండి ఉంటే ఆవిడ మౌనం అప్పుడూ బాధపెట్టేదే. ఇలా అన్నం మానేసేదాకా మాత్రం వచ్చేది కాదు.

ఇక పనితనం మాట. మీరు ఫొటోల్లో చూస్తున్నది చలిదేశాల క్విల్టు. పైన ముక్కల పొర, కింద అస్తరు, మధ్యలో దూది లాంటి మందపాటి పరుపు. అక్కడి చలికి అది కావాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే గుంటూరులో ఆ మందం ఎవరు కప్పుకుంటారు చెప్పండి? మధ్యలో దూది బదులు మెత్తబడిన నూలు చీర ఒక పొర వేస్తే మనకి సరిపోతుంది. వాళ్లు పావు అంగుళం అంచు వదిలి, మూలకి మూల కలిసేలా కొలిచి కుడతారు. బాగుంటుంది, నేర్చుకోండి. కానీ కొలత తప్పితే అది క్విల్టే కాదనుకోకండి.

అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని నల్లజాతి కుటుంబాలుండే చిన్న పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లూ, చొక్కాలూ, పిండి సంచులూ ఏది దొరికితే అది కలిపి కుట్టారు. గీతలు వంకర, ముక్కలు ఎగుడుదిగుడు. ఆ క్విల్టులనే 2002లో హ్యూస్టన్‌లోని కళా మ్యూజియంలో గోడలకి వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు కూడా వేసింది. అంత దూరం వద్దనుకుంటే పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు కుట్టే కవంది అనే బొంతని చూడండి. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి వాళ్లు. పాత చీర పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ ముక్కలు వేసుకుంటూ మధ్యకి వస్తారు. మామూలు చేతికుట్టే. ముందుగా గీసుకునే డిజైనంటూ ఉండదు. మీకు మిషను మీద కోపంగా ఉంటే ఇది మంచి దారి, మూత తీయక్కర్లేదు కూడా!

గుడ్డ కోసం వెతకాల్సిన పని లేదు. పేరంటాల్లో, గృహప్రవేశాల్లో తాంబూలంతో ఇచ్చిన జాకెట్టు ముక్కలు మీ బీరువాలో ఒక అరకి సరిపడా ఉండే ఉంటాయి. తెలుగింట్లో లేకపోవడం అసాధ్యం. వాటిలో అచ్చం నూలువి కొన్నైనా దొరుకుతాయి. ముందు తడిపి ఆరేయండి. కొత్త నూలు కుదించుకుపోతుంది, రంగు కూడా దిగుతుంది. కుట్టాక ఉతికితే ఎర్రముక్క పక్కనున్న తెల్లముక్క పని అంతే. మూడున్నర అంగుళాల చదరాలు తొమ్మిది కత్తిరించి, మూడు వరసలుగా కలిపి ఒక్క బ్లాకు చేయండి. పావు అంగుళం చొప్పున అంచుల్లోకి పోగా, ఆ బ్లాకు తొమ్మిదిన్నర అంగుళాలు వస్తుంది. ఈ వారానికి అదొక్కటి చాలు. వంకర వచ్చినా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఆ ఫొటో పెట్టేదాకా వాళ్లవి చూడొద్దు. ఈ ఒక్క విషయంలో నేను కొంచెం గట్టిగానే చెప్తున్నాను.

ఒహాయో ఆవిడకి ఒక్క మెసేజ్ పెట్టండి. "ఎందుకు పలకడం లేదు?" అని అడగొద్దు. "మీరు గుర్తొచ్చారు, ఇదిగో నేను కుట్టింది, తీరినప్పుడే జవాబివ్వండి" అంటే చాలు. ఆవిడ సంగతి ఇంకెవరికైనా తెలుసేమో నాసిక్ ఆవిడని అడగండి. పెద్దావిడ అంటున్నారు కాబట్టి ఒంట్లో బాగోక ఉండవచ్చు. అలాంటి కబురే వస్తే, క్విల్టు కుట్టేవాళ్లలో ఒక మంచి అలవాటుంది: తలా ఒక బ్లాకు కుట్టి పంపితే, ఒకరు అన్నీ కలిపి జబ్బుపడ్డ మనిషికి కప్పుకోవడానికి ఇస్తారు. అప్పుడు ఏడుస్తూ కూర్చోకుండా మీ బ్లాకు పంపవచ్చు. ఏ కబురూ రాకపోవచ్చు కూడా. గ్రూపుల్లోంచి మనుషులు చెప్పకుండానే వెళ్లిపోతుంటారు. అది మీమీద కోపమని అనుకోవద్దు.

ఇంకొక్క మాట, మీ స్నేహితుల్ని అనుమానించి కాదు. ఇలాంటి చోట పరిచయస్తుల పేరుతో ఎవరైనా డబ్బడిగితే, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగితే, ఎంత దగ్గరివాళ్ల పేరైనా సరే ఇవ్వకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. గుడ్డముక్కలు పోస్టులో ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం హాయిగా చేసుకోండి. గ్రూపులో విజయవాడ వాళ్లెవరైనా ఉన్నారేమో కూడా అడిగి చూడండి. ఉంటే అక్కడి వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల మార్కెట్‌కి కలిసి వెళ్లి అస్తరు గుడ్డ కొనుక్కోవచ్చు. గంటో గంటన్నరో ప్రయాణం, పక్కన మనిషి కూర్చుని మాట్లాడినట్టూ ఉంటుంది.

చివరికి మీ అత్తగారి చీర. అక్కడ తప్పు మీదేనమ్మా. ట్రంకుపెట్టెలో మడతపెట్టి దాచిన చీర మనకి పాతగుడ్డలా కనిపించినా, ఆవిడ దాన్ని ఎందుకు దాచుకున్నారో మనకి తెలియదు. ఆవిడ తరానికి బొంత అంటే లేమి. కొనే స్తోమత లేక చిరుగుల మీద చిరుగులు కుట్టుకున్న రోజులు చూసిన మనిషికి, కోడలు సరదాగా ముక్కలు కోస్తుంటే ఒళ్లు మండటం సహజమే. పసిపిల్లల కిందకి మెత్తటి పాతచీరల బొంత వేయడం కూడా ఆవిడకి తెలిసే ఉంటుంది. కానీ ఆ మాట మీరు ఎత్తకండి, వాదనగా వినిపిస్తుంది. అడగకుండా కోశాను, తప్పయిందని చెప్పండి. ఆ ముక్కలతో ఏదో కుట్టి ఆవిడని ఆశ్చర్యపరుద్దామని మాత్రం అనుకోకండి, ఇంకో గొడవవుతుంది. ముక్కలన్నీ ఒక సంచీలో పెట్టి ఆవిడ చేతికే ఇచ్చేయండి. దాచుకుంటారో, పారేస్తారో, కుట్టమంటారో ఆవిడ ఇష్టం.