జెట్టులో పిన్నీసు పెట్టబాక

అబ్బయా,

మీ నాన్న స్ప్లెండర్‌ని నువ్వే విప్పి స్టార్ట్ చేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రెండు వానాకాలాలు గోడకి ఆనించి ఉన్న బండి అది. నీకు చెయ్యాలనిపించినందుకు సంతోషమే. పెట్రోలూ గాలీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్‌తో మొదలుపెడతావంట, అదే నాకు గుబులు. కార్బురేటర్ ఆఖరున విప్పాలి.

ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం వంచెయ్. కార్బురేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులుచేసి గాజుసీసాలోకి పట్టు. సీసా అడుగున గోళీల మాదిరి వేరుగా చేరిందంటే అది నీళ్ళు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడు, ఎలకలు గడ్డీ గుడ్డముక్కలూ కుక్కి ఉంటాయి. డిప్‌స్టిక్ వాసన చూడు. ఆయిల్లో పెట్రోలు వాసన వస్తే ఆయిలు మార్చిందాకా కిక్ కొట్టబాక.

తర్వాత ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు. 16 నంబరు ప్లగ్ స్పానర్ పెట్టే ముందు చుట్టూ ఉన్న మట్టి ఊదెయ్, లేకుంటే అది సిలిండర్లోకి పోతుంది. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు పట్టడం లేదు. ఎంత కిక్ కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలు అందడం లేదు. నల్లగా మసి కడితే చోక్ (గాలి తగ్గించే మీట) ఎక్కువైంది, లేదా ఫిల్టర్ మూసుకుంది. ఆ పాత మోడల్‌కి ప్లగ్గు మొనల మధ్య గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు.

స్పార్క్ చూసేది మాత్రం జాగ్రత్త, నా భయమంతా దాని మీదే. ప్లగ్గు తీసిన బెజ్జంలోంచి కిక్ కొట్టినప్పుడల్లా పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. దాని పక్కనే నిప్పురవ్వ పుట్టిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లా. పాత ప్లగ్గు బెజ్జంలోనే బిగించి, కొత్త ప్లగ్గుని వైరు చివరుండే క్యాప్‌కి తగిలించి, దాని లోహం ఇంజిన్‌కి గట్టిగా ఆనించి చూడు. ఆనించకుండా కొడితే సీడీఐ, అంటే ప్లగ్గుకి కరెంటు పంపే పెట్టె, పోవచ్చు. రవ్వ నీలంగా, చిటుక్కుమని రావాలి. పసుపుగా నీరసంగా ఉంటే క్యాప్ తిప్పి ఊడదీసి, వైరు చివర అర సెంటీమీటరు కత్తిరించి మళ్ళీ బిగించు. మన కావలి సముద్రపు గాలికి అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. ఇదంతా వాకిట్లో చెయ్, పశువుల కొట్టంలో కాదు.

చోక్ వేస్తే అందుకుని, తీయగానే ఆగిపోతుంటే అప్పుడు స్లో జెట్, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు కొంచెంగా వదిలే సన్నబెజ్జం మర, మూసుకుపోయిందనుకో. ఇక్కడే అందరూ పిన్నీసో, క్లచ్ వైరు పోగో తీసుకుని గుచ్చుతారు. మన షెడ్డుల్లో ఆ తప్పు చెయ్యని మెకానిక్కు లేడు, నన్నూ కలుపుకో. జెట్టు ఇత్తడిది, మెత్తన. బెజ్జం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇనుప పోగు తగిలితే గీసుకుని వెడల్పవుతుంది. ఆ రోజు బండి చక్కగా స్టార్టవుతుంది, అదే మోసం! రిచ్ అయిపోయి, అంటే పెట్రోలు ఎక్కువైపోయి, నాలుగు రోజులకి ప్లగ్గు నల్లబడుతుంది, గాలి సర్దే ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా మాట వినదు. ఇక ప్లగ్గు మార్చు, కాయిల్ మార్చు, సీడీఐ మార్చు అని డబ్బులు తగలేస్తారు. పిన్నీసు సంగతి ఎవరికీ గుర్తుండదు.

గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో జెట్టు విప్పు. కార్బ్ క్లీనర్ కొట్టి రాత్రంతా నానబెట్టు. పంక్చర్ షాపులో గాలి కొట్టించు, పెట్రోలు పోయే దిక్కుకి ఎదురుగా. జెట్టుని ఆకాశం వైపు పెట్టి చూడు, సూర్యుడి వైపు మాత్రం కాదు, గుండ్రంగా చుక్కలాగా వెలుతురు కనపడాలి. కనపడకపోతే మీద కొట్టిన నంబరే చెప్పి కొత్తది కొనుక్కో. ఎయిర్ స్క్రూ విప్పేముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లో కాగితం మీద రాసిపెట్టుకో, ఆనగానే ఆపు. ఇంకా బిగిస్తే మొన విరుగుతుంది.

మొండితనంలో నువ్వు మీ నాన్నవే, అందుకే ఇంత రాస్తున్నా. కిక్ కొట్టేప్పుడు చెప్పులతో కొట్టబాక, బూట్లు వేసుకో. జెట్టు దాకా వస్తే ఆగు, ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తా. మీ అమ్మకి పప్పుచారు చేసి పెట్టమని చెప్పు.

మీ మామ