వరదలో పాడైన గేమ్ కవర్ల కోసం ప్రింటరు కొనాలా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. వయసు 31, నెల జీతం రూ.42,000. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు నా ప్లేస్టేషన్ 2 (టీవీకి తగిలించి ఆడే వీడియోగేమ్ యంత్రం) గేముల పెట్టె నీళ్లలో మునిగింది. డిస్కులు కడిగి ఆరబెడితే చాలావరకు పనిచేశాయి కానీ, డిస్కు పెట్టెలకు తొడిగే 140 కాగితపు కవర్లు పాడైపోయాయి. ఇంట్లోనే అచ్చు వేసుకుందామని రూ.24,000 ఫొటో ప్రింటరును వాయిదాల్లో తీసుకోవాలనుకుంటున్నాను. బయట కవరుకు రూ.25 అడుగుతున్నారు. క్రెడిట్ కార్డు బాకీ రూ.38,000 ఉంది. కొత్త కవర్లు వేస్తే గేముల విలువ పెరుగుతుందని, ఇదీ పెట్టుబడేనని మిత్రుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రింటరు వద్దు. కవర్లు మాత్రం తప్పకుండా వేయించుకోండి. ఇల్లు మునిగినవాళ్లు బియ్యం, పరుపులు, ఫ్రిజ్ పోయాయని చెప్పుకోగలుగుతారు కానీ, చిన్నప్పటి నుంచి దాచుకున్న వస్తువు పోయిందని చెప్పుకోవడానికి మొహమాటపడతారు. మీ జీతంలో దీనికి రెండు మూడు వేలు పెట్టడం దుబారా కాదు. అప్పు చేయడమే తప్పు.

బయట అడిగిన ధరకే వేయించినా 140 కవర్లకు రూ.3,500 అవుతుంది. ప్రింటరు ఖరీదుతో 960 కవర్లు వస్తాయి. అందులో ఇంకు, కాగితం ఖర్చు ఇంకా కలపనే లేదు. పైగా ఇంక్‌జెట్ ప్రింటరును వారాల తరబడి వాడకపోతే హెడ్డులో ఇంకు ఎండిపోతుంది. మీ పని 140 కవర్లతో అయిపోతుంది, వాయిదాలు మాత్రం అయిపోవు. వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లోనూ సాధారణంగా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్‌టీ పడతాయి.

ఆ రూ.3,500 కూడా తగ్గుతుంది. ప్లేస్టేషన్ 2 కవరు విప్పి పరిస్తే 273 మిల్లీమీటర్ల పొడవు, 183 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మధ్యలో వెన్ను, అంటే పెట్టె పక్క అంచు మీద గేము పేరు కనిపించే పట్టీ, 14 మిల్లీమీటర్లు. ఏ4 కాగితంపై ఒక్కటే పడుతుంది. డిజిటల్ ప్రెస్సుల్లో వాడే 12×18 అంగుళాల షీటుపై పక్కపక్కనే రెండు పడతాయి. ధర కవరుకు కాకుండా షీటుకు ఎంతో అడగండి. షీటు రూ.30 అన్నారనుకుందాం, 70 షీట్లకు రూ.2,100 అవుతుంది. కటింగ్‌కు విడిగా తీసుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి. టోనరుతో (పొడి రూపంలో ఉండే రంగుతో) వేసే లేజరు అచ్చు తడిసినా మామూలు ఇంకులా కారిపోదు. మీ వీధికి ఆ తేడా ముఖ్యం.

ఒకేసారి 140 ఇచ్చేయకండి. మొదట ఒక్క షీటు వేయించండి. బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), అంటే దాదాపు 3,224×2,161 పిక్సెళ్లలో ఉండాలి. పేజీకి సరిపెట్టే ఎంపిక తీసేసి, 100 శాతం కొలతతో వేయమనండి. స్కేలు పెట్టి వెన్ను కొలవండి. రెండు మిల్లీమీటర్లు తగ్గినా గేము పేరు పక్కకు జరిగి ముందు అట్ట మీదికి వస్తుంది. డిస్కు పెట్టె మీది ప్లాస్టిక్ తొడుగులోకి దూర్చి చూసి, సరిపోయిందనుకున్నాకే మిగతావి ఇవ్వండి.

ఇక కార్డు బాకీ. నెలకు 3.5 శాతం చొప్పున చూస్తే వడ్డీయే రూ.1,330. అంటే ప్రతి నెలా 53 కవర్ల డబ్బు ఊరికే పోతోంది. నన్ను అసలు కలవరపెట్టింది మీ ఉత్తరంలో ఈ ఒక్క వాక్యమే. ప్రింటరు వాయిదా కింద కట్టాలనుకున్న మొత్తాన్ని, దానికి తోడు ఇంకొంత కలిపి, నెలనెలా కార్డుకు కట్టండి. బాకీ తీరేదాకా ఆ కార్డుతో ఏమీ కొనకండి. కవర్లు నెలకు 20 చొప్పున, చేతిలో ఉన్న డబ్బుతోనే వేయించండి.

మిత్రుడి మాట నమ్మి దీన్ని పొదుపు లెక్కలో వేయకండి. సేకర్తలు డిస్కు, పెట్టె, గేముతో వచ్చే చిన్న పుస్తకం, అసలు కవరు అన్నీ ఉంటేనే పూర్తి గేము అంటారు. కొత్తగా అచ్చు వేసిన కవరు ఆ లోటు పూడ్చదు. ప్లేస్టేషన్ 2లు ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి కాబట్టి చాలా గేములు అరుదైనవి కావు. ఎప్పుడైనా అమ్మితే కవరు కొత్తదని చెప్పి అమ్మండి. లోపలివైపు పెన్సిలుతో ఆ మాట రాసి ఉంచండి. ఆ బొమ్మలు ప్రచురణ సంస్థల సొత్తు కాబట్టి ఎక్కువ కాపీలు వేసి అమ్మే ఆలోచన పెట్టుకోకండి. పాడైన పాత కవర్లను మాత్రం పారేయకండి. ఆరినవాటిని కొత్త కవరు వెనకే పెట్టండి. 2009లో హైదరాబాద్‌లో తయారైన 'హనుమాన్: బాయ్ వారియర్' గేము మీ దగ్గర ఉంటే, దాని పాత కవరు చిరిగిన ముక్కనైనా దాచండి.

ఇంటి సామానుకు బీమా ఉందో లేదో మీరు రాయలేదు. 'భారత్ గృహ రక్ష' పాలసీలో వరద నష్టం కూడా కవరవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నా సామాను వరకే తీసుకోవచ్చు. అరుదైన సేకరణలకు విడిగా రక్షణ అవసరమా అన్నది పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. కవర్లు తొడిగేటప్పుడే ప్రతి గేమునూ ఫోనుతో ఫొటో తీసి, జాబితా మెయిల్‌లో దాచుకోండి. పెట్టెను ఈసారి నేల మీద కాకుండా అటక మీద పెట్టండి.