ప్లగ్గు ఇప్పి చూస్తే బండి కథంత బయటపడ్తది

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు ముందటేసుకొని చూస్తే సగం పెట్రోలుకు నిప్పంటించే స్పార్క్ ప్లగ్గుల మీదనే ఉన్నయి. వానలు మొదలైతే ఎప్పుడూ ఇదే లొల్లి, పొద్దుగాల బండి ఒక పట్టాన స్టార్ట్ కాదు, అయినా దడదడ కొట్టుకుంటది, ఇగ అందరి అనుమానం ప్లగ్గు మీదికే పోతది. అనుమానపడుడు తప్పు కాదు. ఇప్పి చూడకుండనే కొత్తది కొని బిగించుడు, లేకపోతే ప్లగ్గు దిక్కు చూడకుండనే పెట్రోలు చల్లే ఇంజెక్టర్ల దాక పోవుడు, ఈ రెండు చూస్తేనే నాకు తిక్క లేస్తది. నల్లగొండల షెడ్డు పెట్టినప్పటి సంది చూస్తున్న, పాత ప్లగ్గు మొఖం చూడకుండ చెత్తల పారేసేటోళ్లే ఎక్కువ.

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ, నేను టీచర్ని. ఆల్టో 800, 2014 మోడల్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దుగాల స్టార్ట్ జేస్తే స్టీరింగు దాక వణుకు వస్తది, రెండో గేరుల గుంజి గుంజి పోతది. ఇంజన్ లైటు కొద్దిసేపు మినుకుమినుకుమని ఆరిపోయింది. లీటరుకు 18 ఇచ్చేది ఇప్పుడు 14 గూడ ఇస్తలేదు. మెకానిక్ ఇంజెక్టర్లు మార్చాలె, 9 వేలైతది అంటుండు. మా బడి ఇంటికి 2 కిలోమీటర్లే, పెద్దగ తిప్పను గూడ. ఏం జేయాలె?

జవాబు: 9 వేలు జేబులనే పెట్టుకోండి సార్, ముందుగాల మూడు ప్లగ్గులు ఇప్పిద్దాం. మీ బండిది 796 సీసీ ఇంజన్, మూడే సిలిండర్లు. నాలుగు సిలిండర్ల బండిల ఒకటి మొరాయిస్తే మిగిలిన మూడు ఎట్లనో లాక్కపోతయి గాని, మూడిట్ల ఒకటి పడుకున్నదంటే మూడో వంతు బలం పోయినట్టే, అందుకే వణుకు స్టీరింగు దాక వస్తుంది. దీన్నే మనోళ్లు మిస్సింగ్ కొడుతుంది అంటరు.

ఆ మినుకుమన్న లైటును మాత్రం తేలిగ్గ తీసుకోవద్దు. లైటు నిలకడగ వెలిగితే తీరిక చూసుకొని చూపించుకోవచ్చు, మినుకుమినుకుమంటే మాత్రం కాలని పెట్రోలు సైలెన్సర్ లైన్ల పొగను శుభ్రం జేసే క్యాటలిటిక్ కన్వర్టర్లకు పోతున్నదన్నట్టు, అది అక్కడ కాలి కన్వర్టర్‌నే ఖరాబు జేస్తది, దాని ఖర్చు ముంగట మీ మెకానిక్ చెప్పిన 9 వేలు ఏపాటివి గావు. మల్లా అట్ల మెరిస్తే యాక్సిలరేటర్ తగ్గించి, దగ్గర్ల బండి పక్కకు పెట్టండి.

ఇగ అసలు పని. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న షెడ్డుకు పోయి తప్పు యాడున్నదో చెప్పే కోడు తీయించండి. పి0301 అని వస్తే ఒకటో సిలిండర్ల మిస్సింగ్, పి0302 అంటే రెండోది, పి0303 అంటే మూడోది, చివరి అంకెనే సిలిండర్ నంబరు. రెండో సిలిండర్ అని వచ్చిందనుకుందాం. ఆ ప్లగ్గు తీసి ఒకటో దాంట్ల పెట్టి, ఒకటో దాంది తెచ్చి రెండో దాంట్ల పెట్టి, కోడు చెరిపేసి రెండు రోజులు తిప్పండి. మిస్సింగ్ ప్లగ్గు ఎంబడే ఒకటో సిలిండర్‌కు పోతే ప్లగ్గు పోయినట్టు, అట్ల గాకుండ రెండో దాంట్లనే ఉండిపోతే ప్లగ్గుకు వోల్టేజి పెంచి పంపే కాయిలో, వైరో, ఇంజెక్టరో, సిలిండర్ల గాలి నొక్కుడు, అంటే కంప్రెషనో చూడాలె. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది, గాని ఎందుకో చేసేటోళ్లు తక్కువ. పాతకాలం మెకానిక్కులు ఇంజన్ నడుస్తుంటే ఒక్కొక్క వైరు గుంజి చూస్తరు, అది మాత్రం చేయనీయకండి. ఆ వైరుల పోయేది 20 వేల వోల్టుల పైమాట, తప్పిజారితే షాక్ గట్టిగనే తగులుతది, పైగా గుంజినంతసేపు పచ్చి పెట్రోలు మల్లా కన్వర్టర్‌లకే పోతది.

ప్లగ్గులు చేతికి వచ్చినంక పారేయకండి, ఏ సిలిండర్‌ది ఆ వరుసల్నే ఒక గుడ్డ మీద పెట్టి చూడండి. మూతి, అంటే నిప్పురవ్వ దుంకే కొన, బిస్కెట్ రంగుల, లేకపోతే లేత బూడిద రంగుల ఉంటే లోపల పని మంచిగ నడుస్తున్నట్టు. పొడిపొడిగ నల్ల మసి, వేలు పెడితే కాటుక లెక్క అంటుకున్నదంటే పెట్రోలు ఎక్కువ పోతున్నది, లేకపోతే ప్లగ్గు సరిగ్గ వేడెక్కుతలేదు. తడితడిగ, జిడ్డుగ, నల్లగ మెరుస్తుంటే ఇంజన్ ఆయిల్ లోపలికి దిగుతున్నది, అప్పుడు పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో చూడాలె, ఎన్ని కొత్త ప్లగ్గులు పెట్టినా నెలకే మల్లా మొదటికొస్తది. తెల్లగ సున్నం కొట్టినట్టయి మీద చిన్న చిన్న బుడిపెలు లేసినయంటే విపరీతంగ వేడెక్కింది, రేడియేటర్ల బోరునీళ్లు పోసి పోసి పాచికట్టిన బండ్లల్ల ఇది నేను శానసార్లు చూసిన.

మీ దాంట్ల పొడి మసి వస్తదని నా అంచనా. ఎందుకంటే ప్లగ్గు మూతి సుమారు 450, 500 డిగ్రీలు దాటితేనే మీదవడ్డ మసిని తనంత తానే కాల్చుకుంటది. 2 కిలోమీటర్ల బడికి పోయి ఆపేస్తే అది అంత వేడి ఎక్కడ్నుంచి ఎక్కాలె? ఎక్కేలోపట మీరు క్లాసుల ఉంటరు. దాని తోడు 62 వేలు తిరిగింది, ప్లగ్గులు ఎన్నడూ మార్చలేదనుకుంటున్న, మీరు రాయలేదు. ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే ఒక్కొక్క ప్లగ్గు నిమిషానికి 1500 సార్లు మెరుస్తది, అన్నిసార్లు మెరిసి మెరిసి నడిమిట్ల ఉన్న పుల్ల కొన అరిగి గుండ్రమైతది, నిప్పురవ్వ దుంకే సందు, అంటే గ్యాప్, పెరుగుతది, గ్యాప్ పెరిగితే కాయిలు ఇంకెక్కువ వోల్టేజి తోసెయ్యాలె, పొద్దుగాల చల్లటి ఇంజన్ల, వానకాలం తేమల అదే చాతగాక మిస్సయితది. మూడు కొత్తవి ఎయ్యండి, ఒక్కటే మార్చి చాలనుకోకండి. ఆ తర్వాత పది పదిహేను రోజులకు ఒకసారి ఆదివారం పిల్లల్ని ఎక్కించుకొని నాగార్జునసాగర్ దాక పోయి రండి, డ్యాం చూసినట్టయితది, ప్లగ్గులు కడుక్కున్నట్టూ అయితది.

ప్రశ్న: అన్నా, మాది మహబూబ్‌నగర్. పాత పెట్రోల్ స్విఫ్ట్ కొన్న. స్పేర్ పార్టుల షాపాయన ఇరీడియం ప్లగ్గులు ఎయ్యి, పికప్పు పెరుగుతది, మైలేజీ రెండు మూడు పెరుగుతది అంటుండు. నిజమేనా? మామూలువి ఎన్ని వేలకు మార్చాలె?

జవాబు: తమ్మీ, అరిగిపోయిన ప్లగ్గు తీసి కొత్తది ఏదేసినా పికప్పు పెరిగినట్టే ఉంటది, అది ఇరీడియం మహిమ గాదు. మంచిగున్న మామూలు ప్లగ్గు తీసి ఇరీడియం ఏస్తే మైలేజీ రెండు మూడు పెరుగుడు నా కండ్లతోని నేనైతే చూడలే.

ఇరీడియం లాభమంత ఆయుష్షులనే. నికెల్ 1455 డిగ్రీల కాడ కరుగుతది, ప్లాటినం 1768 కాడ, ఇరీడియం 2400 దాటినంకనే, గట్టి లోహం కాబట్టి కొన సూది లెక్క సన్నగ చేసినా తొందరగ అరగదు, సన్నగుంటే తక్కువ వోల్టేజికే నిప్పురవ్వ దుంకుతది. మామూలు నికెల్‌వి 30, 40 వేల కిలోమీటర్లకు మార్చుకుంటే మంచిది, ఇరీడియం లక్ష దాక వస్తది. ధర మూడు నాలుగు రెట్లు. ఏటా 8 వేలు తిప్పేటోనికి నికెల్ చాలు, జడ్చర్ల మీదికెళ్లి రోజూ హైదరాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేసేటోనికి ఇరీడియం గిట్టుబాటు. బండితోని వచ్చిందే ఇరీడియం అయితే మాత్రం మల్లా ఇరీడియమే ఎయ్యాలె, కంపెనీ బుక్కుల ఏ నంబరుంటే ఆ నంబరే.

ఈ నంబరు సంగతి జర గట్టిగ పట్టుకో. ఎన్‌జీకే వాళ్ల బీపీఆర్6ఈఎస్ తీసుకో. బీ అంటే చూడీల, అంటే ప్లగ్గు తిప్పి బిగించే మరల వెడల్పు 14 మిల్లీమీటర్లు, పీ అంటే మూతి ముందుకు పొడుచుకొచ్చినది, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉన్నది, ఈ అంటే చూడీల పొడవు 19 మిల్లీమీటర్లు. నడిమిట్ల ఉన్న 6 హీట్ రేంజ్. ఎన్‌జీకేల అంకె పెద్దగైతే ప్లగ్గు చల్లది, అంటే వేడిని తొందరగ ప్లగ్గు బిగించే ఇంజన్ పైభాగం, అంటే హెడ్డుకు దాటిస్తది. బాష్‌ల ఉల్టా, అంకె పెద్దగైతే వేడిది. ఇది తెల్వక కౌంటర్ మీద ఇదీ అదీ ఒక్కటే అని ఇచ్చేటోళ్లున్నరు. చూడీలు పొడుగున్న ప్లగ్గు పొట్టి దాని జాగల బిగిస్తే పిస్టన్ వచ్చి మూతికి గుద్దుతది, ఇగ ఇంజన్ మొత్తం ఇప్పాల్సిందే. రెసిస్టర్ లేనిది పెడితే రేడియోల బరబర, ఒక్కోసారి కంప్యూటర్ గూడ ఆగమైతది.

డూప్లికేట్లు గూడ తిరుగుతున్నయి. చూడీల మీద ఉండే వాషర్ రింగును చేత్తోని తిప్పి గుంజి చూడు, అసలు దానిది అంత అలకగ ఊడి రాదు. పింగాణి మీద అచ్చు గోరుతోని గీకితే పోయిందా, డబ్బ అక్కడ్నే పెట్టి వచ్చెయ్.

ప్రశ్న: అన్నా, నాగర్‌కర్నూల్ నుంచి రాస్తున్న. వీడియోలు చూసిన, ప్లగ్గులు నేనే మార్చుకుందామనుకుంటున్న. శ్రీశైలం పోయేది ఉన్నది, అంతలోపు చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, శ్రీశైలం ఘాటు రోడ్డు ఎక్కే ముందు రోజు రాత్రి మాత్రం వద్దు. ఒక వారం ముందు చెయ్, ఏదన్న తేడా వస్తే ఊర్లనే వస్తది, మన్ననూరు దాటినంక అడవిల షెడ్డు యాడ దొరుకుతది?

నా తప్పు ఒకటి చెప్త. షెడ్డు పెట్టిన కొత్తల ఒకాయన మారుతి 800 తెచ్చి తొందరగ కావాలె, పెండ్లికి పోవాలె అన్నడు. ఇంజన్ సలసల కాగుతుంది, అట్లనే పానా ఏసి తిప్పిన. హెడ్డు అల్యూమినియం, వేడి మీద మెత్తగుంటది, ప్లగ్గు ఇనుముది. ప్లగ్గు వచ్చింది, దాని చూడీలల్ల అల్యూమినియం పొట్టు మెలికలు మెలికలుగ చుట్టుకొని వచ్చింది. చూడీలు పోయినయి. హెడ్డు ఇప్పి లేత్ కాడికి తీస్కపోయి కొత్త చూడీల స్ప్రింగు, హెలికాయిల్ అంటరు, ఎక్కించేదాక మూడు రోజులు, ఆయన పెండ్లికి బస్సుల పోయిండు, పైసలు నేనే పెట్టుకున్న. అప్పటి సంది ఇంజన్ మీద చెయ్యి పెట్టి నిమిషం ఉంచగలిగితేనే పానా ముడుత.

ప్లగ్గు కదిలించే ముందు దాని చుట్టూ గాలి కొట్టు. మన దిక్కు ఎర్రమట్టి దుమ్ము ఆ గుంతల కూసోని ఉంటది, ప్లగ్గు తీయంగనే అది సీదా సిలిండర్ల పడ్తది. వైరున్న బండైతే వైరు కొనకున్న రబ్బరు టోపీ పట్టుకొని తిప్పి లాగు, వైరు పట్టి గుంజకు. ఒకటి తీసి, కొత్తది పెట్టి, వైరు ఎక్కించినంకనే రెండో దానికి పో, వైర్లు అటువి ఇటయితే బండి సైలెన్సర్ల పటాకులు పేలుస్తది.

గ్యాప్‌ను, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తోని చూసుకో. 1.1 రావాలని బుక్కుల ఉంటే 1.1 మిల్లీమీటర్లే. మనోళ్లు ఆక్సా బ్లేడ్ పెట్టి చూస్తరు, బ్లేడు మందం సుమారు 0.6, అది అన్ని బండ్లకు కుదరదు. ఇరీడియం అయితే ఆ సన్నకొన జోలికే పోవద్దు, వైర్ బ్రష్ గూడ పెట్టొద్దు, విరుగుతది.

ఎక్కించేటప్పుడు ప్లగ్గు వెనకకొనకు జానెడు పెట్రోల్ పైపు ముక్క తొడిగి, ఆ పైపుతోని తిప్పు. చూడీ వంకర పడితే పైపు జారుతది గాని హెడ్డు పాడుగాదు. చేతితోని పూర్తిగ దిగినంక పానా ఏసి, వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గుకైతే సగం చుట్టు, మహా అంటే మూడిట్ల రెండు వంతులు. అప్పటికే వాడిన ప్లగ్గైతే వాషర్ అణిగి ఉంటది, దానికి గడియారంల ఒక గంట మందం తిప్పితే చాలు. బిగింపు ఎంతో కొలిచే టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. సన్న చూడీల ప్లగ్గులకు ఇంకా తక్కువ, బుక్కు చూసుకో. ఎక్కువ బిగించుడే కాదు, లూజుగ వదిలినా నష్టమే, ప్లగ్గు వేడి చూడీల నుంచే హెడ్డుకు పోవాలె, లూజుంటే వేడి పోక మూతి కాలిపోతది, ఘాటుల చుప్ చుప్ అని గాలి లీకు సప్పుడు గూడ వింటవు. గ్రీజు గిట్ల ఏం రాయకు, రాస్తే జారి అనుకున్నదానికంటె ఎక్కువ బిగుస్తది.

ప్రశ్న: గద్వాల నుంచి. మాది డీజిల్ కారు. బోనెట్ లేపి ఎంత ఎతికినా స్పార్క్ ప్లగ్గులు కనవడుతలేవు.

జవాబు: ఉంటే గద కనవడనీకి! డీజిల్‌ల గాలిని గట్టిగ నొక్కితే పుట్టే వేడికే మంట అంటుకుంటది, నిప్పురవ్వ అక్కర్లేదు. మీ దాంట్ల ఉన్నవి గ్లో ప్లగ్గులు, చలికి స్టార్ట్ కావడానికి లోపల వేడి చేసే హీటర్లు, అంతే.

ప్రశ్న: సూర్యాపేటల సీఎన్‌జీ టాక్సీ నడుపుత. పెట్రోల్ మీద మంచిగ పోతది, గ్యాసు మీదికి మార్చంగనే హైవే మీద మిస్సింగ్.

జవాబు: గ్యాసుకు మంట అంటుకోవాలంటే పెట్రోలు కంటె ఎక్కువ వోల్టేజి కావాలె. అందుకే అరిగిన ప్లగ్గు, పగిలిన వైరు మొదలు గ్యాసు మీదనే దొరికిపోతయి, పెట్రోల్ మీద దాచుకుంటయి. ముందు ప్లగ్గులు, వైర్లు చూపించు. గ్యాప్ పెట్రోల్‌కు చెప్పినదానికంటె కొద్దిగ తగ్గించుకుంటరు, కిట్టు బుక్కుల ఎంతున్నదో అంత పెట్టించు. మార్చుడు గూడ పెట్రోల్ బండి కంటె ముందే.

ప్రశ్న: వనపర్తి నుంచి. ప్లగ్గు ఇప్పితే తెల్ల పింగాణి మీద, ఇనుముకు ఆనే కాడ గోధుమ రంగు మరక చుట్టూ రింగు లెక్క ఉన్నది. గ్యాస్ లీకైతుంది, హెడ్డు పని పెట్టాలె అన్నడు మెకానిక్.

జవాబు: లీకు గాదు, ఏం గాదు. అంత వోల్టేజి పారేటప్పుడు చుట్టుపక్కల గాలిల తేలే నూనె తుంపర, దుమ్ము ఆ జాగకు గుంజబడి అంటుకొని మరకైతది, కరోనా స్టెయిన్ అంటరు, ఆ జబ్బు పేరు రాకముందు నుంచి ఉన్న పేరే ఇది. పింగాణికి నిలువు పగులు లేకపోతే, మూతి బిస్కెట్ రంగులుంటే తుడిచి మల్లా పెట్టుకోండి. మెకానిక్‌తోని కొట్లాడకండి, ఒకప్పుడు నేనూ అట్లనే చెప్పేటోన్ని.