రిపోర్టు రాకముందే తోట అమ్మకండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఎకరంన్నర కొబ్బరి తోటే ఆధారం. మా అబ్బాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. ఏడాదిగా పొట్ట ఉబ్బుతోంది, నీరసంగా ఉంటున్నాడు. ప్లేట్‌లెట్లు తగ్గితే మొదట డెంగీ అన్నారు. ఇప్పుడు కాకినాడలో ఎముక మజ్జ పరీక్ష చేసి, గౌచర్ అనే అరుదైన జబ్బు కావచ్చు, హైదరాబాద్‌లో తేల్చుకోండి అన్నారు. మా ఆయన తోట బేరం పెట్టేశారు. మొన్న బ్రోకరు వచ్చి చెట్లు లెక్కపెడుతుంటే, అరుగు మీద కూర్చుని చూసిన మావాడు ‘నా వల్లే కదమ్మా’ అన్నాడు. నాలుగు లక్షల డిపాజిట్, పన్నెండు కాసుల బంగారం, సగంలో ఉన్న చీటీ ఒకటి ఉన్నాయి. తోట అమ్మాలా? ఇప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుంటే పనికొస్తుందా? పాపకు పన్నెండేళ్లు.

జవాబు: అమ్మా, ముందు ఆ బేరం ఆపించండి. అడ్వాన్సు మాత్రం తీసుకోవద్దని మీ ఆయనకు గట్టిగా చెప్పండి. బిడ్డ కోసం ఏదైనా అమ్మేయాలన్న ఆయన ఆరాటం నాకు అర్థమవుతోంది. కానీ లెక్క వేసి చూస్తే, ఇవాళ తోట అమ్మడం వల్ల మీ అబ్బాయికి మేలు జరిగే దారి ఒక్కటీ కనిపించడం లేదు.

ఎందుకో చెబుతాను. గౌచర్‌లో ఒంట్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. దాంతో ఒక రకం కొవ్వు ప్లీహంలో (పొట్టలో ఎడమ పక్కన ఉండే స్ప్లీన్), కాలేయంలో, ఎముక మజ్జలో పేరుకుంటుంది, పొట్ట ఉబ్బేది అందుకే. ఆ ఎంజైమ్‌ను సాధారణంగా రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, అదీ జీవితాంతం. డోసు ఒంటి బరువును బట్టి ఉంటుంది కాబట్టి పెరిగే పిల్లాడికి ఖర్చు కూడా పెరుగుతూ పోతుంది. ఇలాంటి కొన్ని అరుదైన జబ్బుల్లో 10 కిలోల పసివాడికే ఏడాదికి 10 లక్షల నుంచి కోటి రూపాయలు దాటవచ్చని 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలోనే రాశారు. మీవాడి బరువు అంతకు ఎన్ని రెట్లో మీకే తెలుసు. కోనసీమలో ఎకరంన్నర తోటకు ఎంత మంచి ధర వచ్చినా ఆ డబ్బు ఏడాదికో రెండేళ్లకో అయిపోతుంది. ఆ తర్వాత మందు మళ్లీ కావాలి, చేతిలో తోట ఉండదు, కొబ్బరికాయల దింపు డబ్బూ ఉండదు. అలా కాకుండా పరీక్షలో ఇంకేదో తేలిందనుకోండి. ప్లీహం పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మీ డిపాజిట్‌తోనే గట్టెక్కగలిగేవి. అప్పుడు అనవసరంగా అమ్ముకున్నామే అని బాధపడాల్సి వస్తుంది.

కాబట్టి ఇప్పుడు మీకు కావలసింది జబ్బు పేరు తేలేదాకా అయ్యే ఖర్చు మాత్రమే. గౌచర్‌ను తేల్చేది ఎంజైమ్ రక్తపరీక్ష, ఆ తర్వాత జన్యు పరీక్ష. రెండింటికీ కలిపినా వేలల్లోనే అవుతుంది. అసలు డబ్బు కరిగేది తిరుగుళ్లలో: రావులపాలెం నుంచి రాత్రి బస్సు, హైదరాబాద్‌లో గది, ఇద్దరి భోజనాలు, మీ ఆయన ఊళ్లో లేక ఆగిపోయిన తోట పనులు. ఇవి ఎవరూ బిల్లు రాసివ్వని ఖర్చులు కాబట్టి ఎంత పోయిందో కూడా తెలియదు. డిపాజిట్‌లో లక్షన్నర తీసి విడిగా ఒక ఖాతాలో వేయండి. వైద్యం, ప్రయాణం అన్నీ అందులోంచే కట్టండి. ఇంకా కావలసి వస్తే బంగారం బ్యాంకులో పెట్టండి గానీ ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి చేయి చాచకండి. లక్షకు ఆ వడ్డీ ఏడాదికి 36 వేలు. బ్యాంకు బంగారు రుణం అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. చీటీ ఇప్పుడే తొందరపడి పాడకండి, నష్టానికి పోతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడికి అంటే, పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్లండి. జాతీయ విధానం కింద అరుదైన వ్యాధులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రుల్లో అది ఒకటి. జన్యు పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ దానితో కలిసి పనిచేస్తుంది. నాడీమండలం పెద్దగా దెబ్బతినని గౌచర్ ఆ విధానం జాబితాలో ఉంది. గుర్తించిన ఆసుపత్రిలో వైద్యానికి ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంటుంది. అది మీ చేతికి రాదు, ఆసుపత్రికే వెళుతుంది. రోగిని చూసి, కాగితాలు పరిశీలించి, అక్కడి డాక్టర్ల కమిటీ నిర్ణయిస్తుంది. అందుకే జబ్బు ఖాయం అనగానే ‘విధానం కింద నమోదు చేయండి’ అని మీరే నోరు తెరిచి అడగండి.

ఇక్కడ దాచకుండా ఒక మాట చెప్పాలి. ఈ జబ్బుకు 50 లక్షలు ఎన్నాళ్లో రావు. దేశంలో చాలా కుటుంబాలు ఆ గీత దగ్గరే ఆగిపోయి కోర్టు మెట్లెక్కాయి. కాబట్టి సాయం మొదలైన నెల నుంచే రెండో దారి వెతకాలి. మందు తయారు చేసే కంపెనీలు కొందరు రోగులకు ఉచితంగా ఇచ్చే పథకాలున్నాయి, డాక్టరు ద్వారానే దరఖాస్తు చేయాలి. లైసోసోమల్ స్టోరేజ్ డిజార్డర్స్ సపోర్ట్ సొసైటీ అనే, గౌచర్ లాంటి జబ్బులున్న రోగుల కుటుంబాల సంఘం ఈ పనిలో ఏళ్లుగా ఉంది. వాళ్లను పేరు తేలిన వారంలోనే పలకరించండి. ఈ దారులన్నీ నడుస్తున్నంత కాలం మీ ఇల్లు నడవాలి కదా, దానికే ఆ తోట.

కాకినాడలో గానీ మరెక్కడైనా గానీ అడ్మిట్ చేస్తే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. మీరు కట్టిన ఒరిజినల్ బిల్లులు ఒక్కటీ పారేయకండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవాలంటే అవే కావాలి.

ఇన్సూరెన్స్ సంగతి. డాక్టరు అనుమానం కాగితం మీద రాసేశాక అబ్బాయి పేరిట పాలసీ తీసుకుని ఆ విషయం దాస్తే, క్లెయిమ్ రోజున పాలసీయే రద్దు చేస్తారు. ఏజెంటు ‘ఏం పర్లేదండీ’ అన్నా వినకండి. ఉన్నది ఉన్నట్టు చెబితే ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఎదురుచూడమనవచ్చు. కానీ మీ ఇద్దరికీ, పాపకూ తీసుకోండి. ఈ సమయంలో మీ ఆయన చెట్టు మీంచి పడ్డా, మీకు ఆపరేషన్ వచ్చినా తట్టుకునే డబ్బు మీ దగ్గర లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ కూడా తీసేశారు. ఫారంలో కుటుంబ ఆరోగ్యం గురించి అడిగిన ప్రతిదానికీ నిజమే రాయండి.

పాప గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. గౌచర్ అని తేలితే చెల్లెలికి కూడా పరీక్ష చేయించమంటారు. ఈ జబ్బు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ లోపంతో వస్తేనే వస్తుంది. ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికమనో, మీ వైపు నుంచి వచ్చిందనో ఇంట్లో ఎవరైనా మాట అంటే, ఇద్దరి నుంచీ సమానంగా వచ్చిందని డాక్టరు చేతే చెప్పించండి. ఆ పరీక్ష ఖర్చు కూడా లక్షన్నరలోనే లెక్కేసుకోండి.

ఇక మీవాడి మాట. ‘నా వల్లే కదా’ అన్న పిల్లాడికి ‘నీకెందుకురా, చదువుకో’ అంటే సరిపోదు. పదిహేనేళ్లవాడికి అన్నీ వినిపిస్తాయి, మనం చెప్పకపోతే అంతకంటే పెద్దది ఊహించుకుంటాడు. మీ ఆయన దగ్గరే కూర్చోబెట్టి, తోట అమ్మడం లేదని, ఎందుకు అమ్మడం లేదో ఈ లెక్కతో సహా ఆయన నోటితోనే చెప్పించండి. నిమ్స్‌లో డాక్టరు వాడితో నేరుగా మాట్లాడేలా చూడండి. ఫైలు వాడి చేతికివ్వండి: తేదీల వరసలో పేర్చడం, ప్రతి రిపోర్టూ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచడం వాడి పని. రేపు తన మందు, తన తేదీలు తానే చూసుకోవలసినవాడు. పది పరీక్షలు కాగానే విజయవాడ హాస్టల్ కాలేజీకి ఫీజు కట్టేయకండి. రెండు వారాలకోసారి ఎక్కించుకోవలసి వస్తే అమలాపురంలో చదవడమే నయం. ఆ సంగతి కూడా వాడితో కలిసే తేల్చుకోండి.

నిమ్స్‌కు వెళ్లేటప్పుడు కాకినాడలో తీసిన మజ్జ స్లైడ్లు (మైక్రోస్కోపులో చూసే గాజు పలకలు) అడిగి తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. అవి లేకపోతే మజ్జ మళ్లీ తీయాలనవచ్చు. ఆ నొప్పి వాడు ఒకసారి పడ్డాడు. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు రెండేసి పెట్టుకోండి. ఎంజైమ్ రిపోర్టు చేతికి రాగానే నాకు రాయండి. అప్పుడు డోసు, వాడి బరువు, మీ దింపు ఆదాయం ముందు పెట్టుకుని ఏడాది లెక్క వేద్దాం.