తుఫాను హెచ్చరిక వస్తే గేదెలను, కుక్కను ఏం చేయాలి?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా నాగాయలంక మండలం. రెండు పాడి గేదెలు, ఒక చూడి పడ్డ, ఎనిమిది మేకలు ఉన్నాయి. ఇంట్లో కుక్క కూడా ఉంది. తుఫాను వచ్చినప్పుడల్లా అధికారులు మమ్మల్ని షెల్టరుకు వెళ్లమంటారు. పశువులను వదల్లేక మా నాన్నగారు పాక దగ్గరే ఉండిపోతారు. మాకు ఒకటే టెన్షన్. ఈసారి ముందుగా ఏం ఏర్పాట్లు చేసుకోవాలి?

జవాబు: మొదట మీ నాన్నగారి సంగతి. గాలి మొదలయ్యాక పాక దగ్గర మనిషి ఉన్నా పశువుకు చేయగలిగింది ఏమీ ఉండదు. చేయాల్సిందంతా ముందు రోజుకే అయిపోవాలి. అప్పుడు ఆయన కూడా నిబ్బరంగా షెల్టరుకు రాగలుగుతారు. మీ దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. నీళ్లు ఎంత వేగంగా మీద పడతాయో వాళ్లే చెబుతారు. ఇంకో మాట. తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. తగ్గింది కదా, గేదెలను చూసొద్దామని అప్పుడు బయటికి రావద్దు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత జోరుగానూ కొడుతుంది.

ఇక పశువుల విషయంలో అన్నిటికన్నా ముఖ్యం పలుపు. గేదె బాగా ఈదుతుంది. కానీ గుంజకు కట్టేసి ఉంటే, నీళ్లు మూతి దాటాక అది ఎంత ఈదగలిగినా లాభం లేదు. అందుకే తుఫాను రోజుల్లో కట్టాల్సి వస్తే కొస పట్టి లాగగానే ఊడిపోయే జారుముడి మాత్రమే వేయండి. నాన్నగారు, మీరు, ఇంట్లో ఆడవాళ్లు అందరూ చీకట్లో కూడా విప్పగలిగేలా అలవాటు చేసుకోండి. మీరు షెల్టరుకు బయల్దేరే ముందు పలుపులు పూర్తిగా తీసేయండి. మెడకు వేలాడే తాడు కంపకో కంచెకో చిక్కుకుంటుంది.

పాత రేకుల పాకలో కట్టేయడం కంటే మెరక మీద విడిగా వదిలేయడమే మేలు. రేకు లేచి తగిలితే పశువు నిలువునా తెగుతుంది. కరకట్ట కానీ, ఎత్తయిన దిబ్బ కానీ ఇప్పుడే చూసి పెట్టుకోండి. దగ్గర్లో కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు ఉండకూడదు. హెచ్చరికలు లేని రోజుల్లోనే రెండు మూడుసార్లు అక్కడికి తోలుకెళ్లి కాస్త తవుడు పెట్టండి. దారి అలవాటైతే వానలో మొరాయించవు. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఇచ్చే హెచ్చరిక వినగానే చూడి పడ్డను తరలించండి. అది నెమ్మదిగా నడవాలి, గాలిలో పరుగెత్తించకూడదు. మేకలు తడిస్తే చలికి తట్టుకోలేవు, న్యుమోనియా వస్తుంది. వాటికి గట్టి శ్లాబు కింద, ఎత్తయిన అరుగు మీద చోటు చూడండి.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే ఈ వారమే వేయించండి. టీకా వేశాక రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తుఫాను పేరు టీవీలో వచ్చాక వేయిస్తే ఆ తుఫానుకు అది అక్కరకు రాదు.

ఉప్పెన వస్తే మీ చెరువులో నీళ్లు ఉప్పగా మారతాయి. పాడి గేదెకు రోజుకు 50 లీటర్లకు తక్కువ కాకుండా తాగునీరు కావాలి. డ్రమ్ములు ముందే నింపి మూతలు బిగించండి. ఒక్కో గేదె రోజుకు 6 నుంచి 8 కిలోల వరిగడ్డి తింటుంది. ఆ లెక్కన వారానికి సరిపడా గడ్డిని అటక మీద పెట్టి, వామి మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించండి.

కుక్కను మాత్రం ఇంటి దగ్గర గొలుసుతో వదిలి వెళ్లకండి. దాన్ని వెంట తీసుకెళ్లడం సబబే. అయితే షెల్టరులో పిల్లలుంటారు, కుక్క కూడా బెదిరి ఉంటుంది. కాబట్టి రేబిస్ టీకా ముందే వేయించండి, మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయండి, మూతికి చిక్కం సిద్ధంగా ఉంచుకోండి. లోపలికి రానిస్తారా అన్నది సచివాలయంలో ఇప్పుడే అడిగి తేల్చుకోండి. ఆ రాత్రి గుమ్మం దగ్గర నిలబడి వాదించే పరిస్థితి రాకూడదు.

గేదెల చెవికి పసుపు రంగు ట్యాగు ఉందా? 12 అంకెలు కనబడేలా ఫొటో తీసి ఫోన్‌లో దాచండి. తప్పిపోయిన పశువు మీదేనని చెప్పడానికి, బీమాకు అదే ఆధారం.

గాలివాన తగ్గాక వచ్చే ప్రమాదం ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పడిపోయిన వరిచేలో, తడిసిన ధాన్యం రాశి దగ్గర గేదెలు ఆబగా గింజలు తింటాయి. మర్నాటికి కడుపు బిగుసుకుని, నెమరు ఆగి, పుల్లటి వాసనతో పారుకుంటాయి. గింజలు తిన్నట్టు తెలిసిన వెంటనే, లక్షణాల కోసం చూడకుండా డాక్టరును పిలవండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బూజు పట్టిన గడ్డి ఎంత ఎండబెట్టినా పెట్టవద్దు. ఆ బూజు విషం ఎండకు పోదు. పాలు పితికే ముందు పొదుగును శుభ్రమైన నీటితో కడిగి తుడవండి. బురదలో పడుకున్న గేదెలకు పొదుగువాపు తొందరగా వస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి పోయిందే అనుకోండి. పూడ్చే ముందు పశువైద్యాధికారికి కబురు చేసి పంచనామా రాయించండి, ఫొటోలు తీయండి. కేంద్రం 2022లో ఇచ్చిన విపత్తు సహాయ నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు, మేకకు 4,000 రూపాయలు ఉన్నాయి. ఆ కాగితం లేకపోతే ఇది కూడా రాదు. కళేబరాన్ని కాలువలోకి తోయకండి. తాగునీటికి దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.