స్టాండర్డ్, నార్మల్, ఎమర్జెన్సీ చేంజ్‌ల మధ్య తేడా ఏమిటి?

ఐటీ సేవల నిర్వహణకు మార్గదర్శకాలిచ్చే ఐటిల్ (ITIL) ప్రకారం చేంజ్ రిక్వెస్టులు, అంటే ఐటీ వ్యవస్థల్లో మార్పు చేయడానికి పెట్టే అభ్యర్థనలు, ఈ మూడు రకాలు. రిస్క్ ఎంత, ఎంత తొందర, అనుమతి ఎవరివ్వాలి అన్నదాన్ని బట్టే తేడా.

రిస్క్ తక్కువగా ఉండి, ఎలా చేయాలో ముందే రాసిపెట్టి, ఒకసారి అనుమతి పొందిన పని స్టాండర్డ్ చేంజ్. కొత్త ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ వేయడం లాంటిది. ప్రతిసారీ మళ్లీ ఆమోదం అక్కర్లేదు.

చాలామంది పొరబడేది ఎమర్జెన్సీ దగ్గరే. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపం బయటపడినప్పుడు మార్పులను పరిశీలించడానికి వారం వారం జరిగే మీటింగ్ దాకా ఆగే వీల్లేదు, సర్వర్లకు వెంటనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయాల్సి వచ్చింది. అసలైన ఎమర్జెన్సీ అంటే అది. అప్పుడు కూడా అనుమతి తప్పనిసరే. కాకపోతే కొద్దిమందే కూర్చుని త్వరగా ఇస్తారు, పూర్తి వివరాలు తర్వాత నమోదు చేయొచ్చు. రిలీజ్ తేదీ ముంచుకొచ్చిందని ఎమర్జెన్సీ టికెట్ వేయడం మాత్రం తప్పు. టెస్టింగ్‌కు టైమ్ ఉండదు, ఆ దెబ్బ వాడేవాళ్ల మీద పడుతుంది.

ఈ రెండింటిలోకీ రానివన్నీ నార్మల్. డేటాబేస్ వెర్షన్ అప్‌గ్రేడ్ తీసుకోండి: ఏయే అప్లికేషన్లపై ప్రభావం పడుతుంది, వికటిస్తే పాత స్థితికి ఎలా తేవాలి అన్నవి రాయాలి. రిస్క్‌ను బట్టి మేనేజరో, క్యాబ్ అనే సలహా బోర్డు పరిశీలించాకో ఆమోదిస్తారు. ఇలా పాత స్థితికి తెచ్చే రోల్‌బ్యాక్ ప్లాన్ లేని రిక్వెస్టును నేనైతే వెనక్కి పంపిస్తాను.